బాప్తిస్మం పొందకుండానే నిద్రించిన మా నాన్నగారి రక్షణ గురించి

ప్రశ్న (పాలకొల్లు దగ్గరి పల్లె నుండి)

అందరికీ వందనాలు. మా నాన్నగారు డెబ్బై ఏళ్లు దాటాక ప్రభువును నమ్ముకున్నారు. రెండేళ్లపాటు ఒక్క ఆదివారం తప్పకుండా ఆరాధనకు వచ్చారు. బాప్తిస్మానికి సంఘ పెద్దలు సమ్మతించారు గాని, చిన్ననాటి నుండి తాను గేదెలను కడిగిన మా ఊరి కాలువ రేవులోనే దాన్ని పొందాలని ఆయన కోరుకున్నారు. అప్పటికే వేసవి వచ్చి కాలువలు కట్టేశారు. జూన్‌లో నీళ్లు వదలగానే అనుకున్నాము, మే నెలలోనే ఆయన నిద్రించారు.

భూస్థాపన నాడు ఒక పెద్ద మార్కు 16:16 చదివి, "నమ్మి బాప్తిస్మము పొందినవాడు" అన్నచోట రెండు షరతులున్నాయని, మీ నాన్నగారు ఒక్కటే నెరవేర్చారని అన్నారు. మా మేనత్త మాట వేరు. 1996 నవంబరు తుపాను రాత్రి నాన్నగారు పాకల్లోని వాళ్లందరినీ మా డాబా మీదికి చేర్చి కాపాడారు, ఆ పుణ్యం చాలదా అని ఆమె అడుగుతోంది. ఈ రెండు మాటల్లో ఏదీ నాకు నెమ్మది ఇవ్వడం లేదు. లేఖనం నిజంగా ఏమి చెబుతుందో వివరించండి.

మొదటి జవాబు (నరసాపురం)

మీ దుఃఖం అర్థమైంది, సహోదరా. 1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి ఇంగ్లండు నుండి బయలుదేరిన బౌడన్, బీర్ దంపతుల సేవ వలన నిలిచిన సంఘాల్లో పెరిగినవాణ్ణి నేను. నమ్మినవారికే, అదీ ముంచి ఇచ్చేదే బాప్తిస్మమని మాకు నేర్పారు, నేటికీ అదే నమ్ముతాను. అయినా ఆ వచనాన్ని సగంలో ఆపకూడదు. "నమ్మనివానికి శిక్ష విధింపబడును" అని దాని రెండవ భాగం. అక్కడ బాప్తిస్మం పొందనివాడు అన్న మాట లేదు. యేసు పక్కన సిలువ మీద ఉండి ఆయనను నమ్మిన దొంగకు నీళ్లు దొరకలేదు, పరదైసు దొరికింది.

ఇంతమాత్రాన బాప్తిస్మం ఐచ్ఛికమని ఎవరూ అనుకోకూడదు. అది ప్రభువు ఆజ్ఞ. కాలువ నిండా నీళ్లుండగా ఏటికేడు వాయిదా వేసే వ్యక్తికీ, నీళ్ల కోసం రోజులు లెక్కపెట్టుకున్న మీ నాన్నగారికీ ఎంతో భేదముంది.

రెండవ జవాబు (రాజమహేంద్రవరం)

మేము లూథరన్లము, పసిబిడ్డలకూ బాప్తిస్మం ఇస్తాము. కనుక పై సహోదరునితో ఒక విషయంలో ఏకీభవించలేను: బాప్తిస్మాన్ని మనం నెరవేర్చవలసిన షరతుగా గాని, కేవలం మన విధేయతకు గుర్తుగా గాని చూడడం మా బోధ కాదు. అది దేవుడు మనకు చేసే కార్యం. మా లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం రక్షణకు బాప్తిస్మం అవసరమనే చెబుతుంది, అయితే దాన్ని నిర్లక్ష్యం చేయడం వేరు, అందకపోవడం వేరు అని మా గురువులు మొదటి నుండీ చెబుతూ వచ్చారు. 392లో రోమా చక్రవర్తి రెండవ వాలెంటీనియన్ బాప్తిస్మం పొందకముందే మరణించినప్పుడు, మిలాను బిషప్పు అంబ్రోసు అతని చెల్లెళ్లను ఓదారుస్తూ, అతడు కోరుకున్నదాన్ని దేవుడు అతనికి ఇచ్చాడని ధైర్యం చెప్పాడు. మీ ఇంటి సంగతికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

మూడవ జవాబు (భీమవరం)

మేము కతోలికులము, జ్ఞానస్నానం అంటాము. 1547లో మా బిషప్పుల ట్రెంటు మహాసభ దాని అవసరాన్ని గట్టిగా చెబుతూనే, "లేదా దానిని పొందాలన్న కోరిక" అన్న అర్థమిచ్చే మాటను కూడా చేర్చింది.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. మేనత్త మాత్రం ఒప్పుకోలేదు: "నమ్మకముందు చేసిన మేలును దేవుడు చూడడా?" అంటోంది. ఆమెకు ఏమి చెప్పాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు

అత్తయ్యగారికి అపొస్తలుల కార్యములు పదవ అధ్యాయం చదివి వినిపించండి. ఇంకా క్రీస్తును ఎరుగని రోమా శతాధిపతి కొర్నేలీ ధర్మకార్యములు దేవుని సన్నిధికి జ్ఞాపకార్థముగా చేరినవని దూత స్వయంగా చెప్పాడు, కాబట్టి ఆ తుపాను రాత్రిని దేవుడు చూడలేదని ఎవరూ అనలేరు. అయితే ఆ మేలే చాలివుంటే పేతురును పిలిపించవలసిన పని లేదు. అతడు వాక్యం వినవలసి వచ్చింది. వింటుండగానే, నీళ్లు తాకకముందే, పరిశుద్ధాత్మ దిగాడు. అప్పుడైనా పేతురు ఇక నీళ్లెందుకు అనలేదు, బాప్తిస్మమిమ్మని ఆజ్ఞాపించాడు. క్రియలు, విశ్వాసం, బాప్తిస్మం మూడూ ఒకే ఇంట్లో ఉన్నాయి, కాని వాటి స్థానాలు వేరు.

యాకోబు పత్రికలో క్రియలు లేని విశ్వాసము మృతమని ఉంది. ఎఫెసీ 2:8-10లో పౌలు క్రియలవలన కాదంటూనే, సత్క్రియలు చేయుటకై మనం సృష్టింపబడ్డామని ముగిస్తాడు. అందుకే నాన్నగారు నమ్మిన తరువాతి ఆ రెండేళ్ల గురించి కూడా అత్తయ్యగారిని అడగండి. ఆయనలో ఏమి మారిందో తోబుట్టువుకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు.

ప్రశ్న అడిగినవారు

అడిగాను. సరిహద్దు గట్టు విషయంలో పదిహేనేళ్లుగా మాటల్లేని పొరుగు రైతు ఇంటికి నాన్నగారు తానే నడిచి వెళ్లారని, ఆ గట్టును అతనికే వదిలేశారని చెప్పింది. అది నాకు ఇంతవరకు తెలియదు.