తనిఖీకి మనుషులు లేరు. ప్రైవేటుకు అప్పగిస్తే తప్పేమిటి?

నిమ్మతొన: ఆరోగ్య తనిఖీ విభాగంలో రిటైరైన వారి స్థానాలు భర్తీ కావడం లేదు. భోజనశాలలు, ఈతకొలనులు, తాగునీరు అన్నీ ఉన్న ఒకరిద్దరే చూడాలి. ప్రైవేటు తనిఖీదారులకు లైసెన్సులిచ్చి పని అప్పగించవచ్చు కదా?

పాత థర్మామీటర్: 2008–09లో అమెరికాలో వేరుశనగ ఉత్పత్తుల ద్వారా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకి 700 మందికి పైగా జబ్బుపడ్డారు, 9 మంది చనిపోయారు. వాటిని తయారుచేసిన ఫ్యాక్టరీకి ప్రైవేటు ఆడిటర్ ఇచ్చిన యోగ్యతాపత్రం చదవండి, అంతా అమోఘం! ఆడిటర్‌కు ఫీజు కట్టింది ఆ కంపెనీయే. నేను ఇరవై రెండేళ్ళు ఈ ఉద్యోగం చేశాను. జీతం ఎవరిస్తే కలం వారివైపు వంగుతుంది.

నిమ్మతొన: ఒక్క ఫ్యాక్టరీని చూపించి అందరినీ దొంగలంటారా? నా వంటశాల అనుమతికి ఐదు నెలలు ఎదురుచూశాను. చివరికి వచ్చిన మీ ప్రభుత్వ మనిషి పావుగంట ఉండి, గోడకు ఒక టైలు పగిలిందని రాసి వెళ్ళాడు. ఫ్రిజ్ తలుపు తెరవనే లేదు.

పాత థర్మామీటర్: పగిలిన టైలు చిన్న విషయం కాదు. పగులులో తడి నిలుస్తుంది, బొద్దింకలు చేరతాయి.

నిమ్మతొన: ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటిందో లేదో చూడకుండా టైలు చూడడం తనిఖీ అవుతుందా?

పాత థర్మామీటర్: రోజుకు పది చోట్లకు పరుగెత్తే మనిషికి కంటికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. పైగా టైలు...

మూడోబెంచి: ఆ టైలును వదిలేయండి, దండం పెడతాను.

బావిగట్టు: కెనడాలోని వాకర్టన్ సంగతి చూడండి. 2000 మేలో తాగునీటిలో ఈ. కోలై అనే బ్యాక్టీరియా చేరి 7 మంది చనిపోయారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. పరీక్ష చేసిన ప్రైవేటు ల్యాబ్ ఫలితాలను నీటి సంస్థకే పంపింది, ఆరోగ్యాధికారికి కాదు. ఆరోగ్యాధికారికి పంపమని అప్పటి చట్టం అడగలేదు మరి. ఇద్దరికీ చేదుగా ఉండే మాట మరొకటి: 1998లో అక్కడ ప్రభుత్వ తనిఖీ జరిగింది, లోపాలూ దొరికాయి. సరిదిద్దారో లేదో చూడడానికి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు.

నిమ్మతొన: అదే నేనూ అంటున్నాను! ప్రభుత్వం చూసి కూడా ఏం చేసింది? థర్మామీటర్ గారికి మాత్రం తమవాళ్ళ కుర్చీలు పోతాయన్న బెంగే.

పాత థర్మామీటర్: కుర్చీ నేనే వదిలేశాను, బెంగ ఎందుకు? ఒక వంటశాలను మూసివేయమని నోటీసు రాశాను. సాయంత్రానికి పైనుంచి ఫోను వచ్చింది, మర్నాటికి నోటీసు మాయమైంది. నాతో చేరిన నలుగురిలో ముగ్గురు అలాగే వెళ్ళిపోయారు. ఖాళీలు ఎందుకు నిండవని అడుగుతున్నారు కదా, ఎవరొస్తారు?

నిమ్మతొన: అయితే మన గొడవ మనుషుల కొరత మీద కానే కాదు. నాకు కావలసింది త్వరగా ఒక సంతకం. మీకు కావలసింది నా తలుపుకు తాళం వేసే అధికారం.

పాత థర్మామీటర్: అవును. ఆ తాళం లేకపోతే మీ సంతకానికి విలువ ఏమిటి?

నిమ్మతొన: తాళం మీ చేతికిస్తే నా ఐదు నెలలు ఐదేళ్ళవుతాయి.

మూడోబెంచి: ఇంతకీ ఆ టైలు మార్పించారా?

నిమ్మతొన: అప్పుడే మార్పించాను. చూడడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.