"పిక్వికియన్ సెన్స్" అనే పలుకుబడి: లండన్ సంచికల నుంచి లాన్సెస్టన్ ముద్రణ దాకా

ప్రశ్న: పాత ఇంగ్లీషు పత్రికల సంపాదకీయాలలోనూ శాసనసభల చర్చల నివేదికలలోనూ "ఇన్ ఎ పిక్వికియన్ సెన్స్" అనే ప్రయోగం కనిపిస్తుంది. ఇది ఏ సందర్భంలో పుట్టింది? దీనిని "వ్యంగ్యార్థంలో" అని తెలుగు చేస్తే సరిపోతుందా?

సమాధానం: నమస్కారం. "వ్యంగ్యార్థంలో" అంటే సరిపోదు. ఈ పలుకుబడి పుట్టిన సన్నివేశాన్ని, ఆపైన అది సముద్రాలు దాటి వెళ్ళిన దారిని చూస్తే కారణం బోధపడుతుంది. కాస్త వివరంగా రాస్తున్నాను.

చార్లెస్ డికెన్స్ "పిక్విక్ పేపర్స్" నవల 1836 ఏప్రిల్ నుంచి 1837 నవంబరు వరకు నెలకొక సంచికగా లండన్‌లో వెలువడింది. ఒక్కొక్క సంచిక వెల ఒక షిల్లింగు. మూడు సంపుటాల నవల కొనాలంటే ముప్పై ఒకటిన్నర షిల్లింగులు పెట్టవలసిన ఆ రోజులలో, నెలకు ఒక షిల్లింగు చొప్పున నవలను విడివిడిగా కొనుక్కునే వీలు కలగడం వల్ల అంతవరకు నవల కొనని వారు సైతం పాఠకులయ్యారు. మొదటి సంచికను వెయ్యి ప్రతులు వేసిన ప్రకాశకులు చివరికి వచ్చేసరికి నలభై వేలు వేయవలసివచ్చింది. మీరడిగిన పలుకుబడి ఆ మొదటి సంచికలోని మొదటి అధ్యాయంలోనే ఉంది.

ఆ అధ్యాయాన్ని రచయిత మామూలు కథనంగా కాక, 1827 మే 12న జరిగిన పిక్విక్ క్లబ్బు సమావేశపు కార్యక్రమ నివేదికగా రాశాడు. ఆ క్లబ్బు స్థాపకుడూ నవల కథానాయకుడూ అయిన పిక్విక్ తన ఉపన్యాసంలో, తన మీద అసూయపడే వ్యక్తి ఎవరో ఉన్నాడని సూచిస్తూ, బొత్తాలూ దారాలూ అమ్మే వర్తకుడు అని తాను అనబోనంటూనే ఆ మాట అనేస్తాడు. ఆల్డ్‌గేట్‌కు చెందిన బ్లాటన్ అనే సభ్యుడు లేచి, ఆ నిందను తిప్పికొడుతూ పిక్విక్‌ను "హంబగ్" అంటాడు. మన మాటలలో చెప్పాలంటే బూటకపు మనిషి. సభలో గగ్గోలు పుడుతుంది. ఆ మాటను మామూలు అర్థంలోనే వాడారా అని అధ్యక్షుడు అడిగినప్పుడు బ్లాటన్ ఏమాత్రం తడుముకోకుండా, లేదు, పిక్విక్ అర్థంలో వాడాను, వ్యక్తిగతంగా ఆయనంటే నాకు అపారమైన గౌరవం అంటాడు. పిక్విక్ కూడా తృప్తిపడి, తన మాటలకు కూడా పిక్విక్ అర్థమే తీసుకోవాలని చెప్పి కూర్చుంటాడు. ఒకరినొకరు తిట్టుకున్న మాటలు నివేదికలో అలాగే నిలిచాయి, తిట్టు మాత్రం లేకుండాపోయింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. బ్లాటన్ తన మాటను వెనక్కి తీసుకోలేదు. మన శాసనసభలలో "ఆ మాటను ఉపసంహరించుకుంటున్నాను" అంటారు, అప్పుడు అధ్యక్షుడు దానిని రికార్డుల నుంచి తొలగిస్తారు. ఇక్కడ మాట రికార్డులో ఉంటుంది, దాని అర్థాన్నే తొలగిస్తారు. రెండవది, ఆ తొలగింపు మాట అన్న తరువాత, అధ్యక్షుడి ప్రశ్నకు జవాబుగా, సభ అంగీకారంతో జరిగింది. మాట తన సొంత అర్థాన్ని విడిచి దానికి సంబంధించిన మరో అర్థాన్ని ఇవ్వడాన్ని మన ఆలంకారికులు లక్షణ అన్నారు, దానికి మూడు నియమాలు చెప్పారు: ముఖ్యార్థానికి బాధ కలగాలి, అంటే సొంత అర్థం పొసగకపోవాలి, లక్ష్యార్థానికి దానితో సంబంధం ఉండాలి, రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. "గంగలో పల్లె" అన్నప్పుడు ఏటి ప్రవాహంలో పల్లె ఉండదు గనుక ఒడ్డు అనే అర్థం వస్తుంది, ఒడ్డుకూ ఏటికీ సంబంధం ఉంది. బ్లాటన్ మాటలో ముఖ్యార్థానికి ఏ బాధా లేదు. పిక్విక్‌ను బూటకపు మనిషి అనడానికి వాక్యంలో అడ్డేమీ లేదు. బాధ ఉన్నదని వక్త ప్రకటించాడు, అంతే. ఆ మాటకు బదులుగా మరొక అర్థాన్ని చూపించనూ లేదు. అందువల్ల ఇది లక్షణ కాదు. మాటల వెనుక మరొక అర్థాన్ని ధ్వనింపజేసే వ్యంజన అసలే కాదు, ఎందుకంటే సహృదయుడికి అదనంగా స్ఫురించే అర్థమేదీ ఇందులో లేదు. "వ్యంగ్యార్థంలో" అనే అనువాదం ఇక్కడే తప్పుతుంది.

మరి ఇదేమిటి? పాణిని "వృద్ధి" అంటే లోకంలో వాడే పెరుగుదల అని కాక ఆ, ఐ, ఔ అనే అచ్చులు అని తన శాస్త్రం మటుకు నిర్ణయించుకున్నాడు. దానిని పారిభాషికార్థం అంటాం. పిక్విక్ క్లబ్బు తనను తాను శాస్త్రజ్ఞుల సంఘంగా భావించుకుంటుంది కనుక, తమకు కూడా ఒక పరిభాష ఉన్నట్లు నటిస్తుంది. శాస్త్రకారుడు మాట వాడకముందే దాని అర్థం చెబుతాడు. వీరు మాట వాడి, దెబ్బ తగిలాక, ఇది మా పరిభాష అంటారు. ఈ సన్నివేశం బ్రిటిష్ పార్లమెంటు మర్యాదల మీద విసురు అనీ, ఆ కాలపు విద్వత్సంఘాల మీద విసురు అనీ రెండు విధాలుగా చదువుతారు, రెండూ సరైనవే. కనుక నా సూచన "పిక్విక్ పరిభాషలో".

పదకొండవ అధ్యాయం దీనికి బలమైన సాక్ష్యం. పిక్విక్‌కు ఒక పల్లెలో చెక్కిన అక్షరాలున్న రాయి దొరుకుతుంది. దాని మీద తొంభై ఆరు పుటల చిరుపొత్తం రాసి, ఇరవై ఏడు పాఠాంతరాలు ప్రతిపాదిస్తాడు. బ్లాటన్ స్వయంగా ఆ పల్లెకు వెళ్ళి, రాయి అమ్మిన మనిషినే అడిగి, అది "బిల్ స్టంప్స్ గుర్తు" అని అతడే చెక్కుకున్న రాత తప్ప మరేమీ కాదని తేల్చుకుని వస్తాడు. క్లబ్బు అతడిని బహిష్కరిస్తుంది. పిక్విక్‌కు పదిహేడు విద్వత్సంఘాలు గౌరవ సభ్యత్వం ఇస్తాయి. పరిభాషలో తిట్టిన రోజున బ్లాటన్‌కు మర్యాద దక్కింది, మామూలు అర్థంలో నిజం చెప్పిన రోజున సభ్యత్వం పోయింది. రాతి శాసనాల పాఠ నిర్ణయంలో ఆసక్తి ఉన్నవారు ఈ అధ్యాయాన్ని తప్పక చదవాలి.

ఇక సముద్రాలు దాటిన సంగతి. లండన్ సంచికలు బ్రిటిష్ వలసలకు (కాలనీలకు) చేరాలంటే ఓడలో దాదాపు నాలుగు నెలలు పట్టేది. అందుకే అక్కడి ముద్రాపకులు తామే తిరిగి అచ్చువేసుకున్నారు. కలకత్తాలో విలియం రష్టన్ కంపెనీ 1837-38లో ఈ నవలను పునర్ముద్రించింది. నేడు ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవి అయిన నాటి వాన్ డీమెన్స్ ల్యాండ్‌లోని లాన్సెస్టన్ పట్టణంలో, ఒక బాప్టిస్టు మతబోధకుడి కుమారుడూ "లాన్సెస్టన్ అడ్వర్టైజర్" పత్రిక యజమానీ అయిన హెన్రీ డౌలింగ్ 1838లో దీనిని ఇరవై అయిదు భాగాలుగా ప్రచురించడం మొదలుపెట్టాడు. లండన్ ప్రతికి బొమ్మలు వేసిన హాబ్లో బ్రౌన్ "ఫిజ్" అని సంతకం చేసేవాడు. డౌలింగ్ ప్రతిలో ఆ బొమ్మలను చూసి గీసిన లిథో (రాతి అచ్చు) చిత్రాల కింద "టిజ్" అని ఉంటుంది. నేరస్తులను పంపే దీవిలో, పత్రిక నడిపే అచ్చుయంత్రం మీద ఇంత పెద్ద నవలను సచిత్రంగా తేవడం చిన్న సాహసం కాదు. రచయితకు ప్రతిఫలం లేకుండా వేసిన ముద్రణ ఇది. ఇంకొక విశేషం, డికెన్స్ ఈ నవలను అంకితమిచ్చింది గ్రంథకర్తల హక్కుల కోసం 1837లో పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టిన టాల్ఫర్డ్‌కు. ఆ బిల్లు రూపు మారుతూ చివరికి 1842లో చట్టమైంది.

ఇప్పుడు ఆ దీవిలో మన పలుకుబడిని చదివిన పాఠకుడి స్థితిని ఆలోచించండి. క్లబ్బు సమావేశం జరిగినట్లు నవల చెప్పే 1827వ సంవత్సరంలోనే అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు జార్జ్ ఆర్థర్, పత్రికలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ శాసనం తెచ్చాడు. అంతకు ఏడాది ముందు అదే దీవిలోని హోబర్ట్ పట్టణపు ముద్రాపకుడు ఆండ్రూ బెంట్ ఆర్థర్‌ను నిందించాడన్న అభియోగంపై జైలుకు వెళ్ళాడు. అక్కడి శాసనమండలిలో ఉన్నవారు నియమితులు. ఎన్నికైన సభ్యులు లేరు. "మామూలు అర్థంలో కాదు" అని చెప్పి బయటపడడానికి బెంట్‌కు సభ లేదు, అధ్యక్షుడు లేడు, న్యాయస్థానం మాత్రమే ఉంది, న్యాయస్థానానికి మామూలు అర్థం ఒక్కటే తెలుసు. పిక్విక్ పరిభాష వాడగలిగేది సమానులు కూర్చున్న సభలోనే. ఆస్ట్రేలియా వలసలకు బాధ్యతాయుత ప్రభుత్వాలు, అంటే ఎన్నికైన సభకు జవాబుదారీ అయిన ప్రభుత్వాలు, వచ్చిన 1850ల తరువాత అక్కడి సభల చర్చలలోనూ పత్రికలలోనూ ఈ పలుకుబడి విరివిగా కనిపించడాన్ని ఆ కోణం నుంచే చూడాలని నా అభిప్రాయం. డికెన్స్ కుమారులలో చిన్నవాడైన ఎడ్వర్డ్ కూడా 1889లో న్యూ సౌత్ వేల్స్ శాసనసభకు ఎన్నికయ్యాడు.

అనుబంధ ప్రశ్న: వలసల పాఠకులు ఈ నవలను కేవలం హాస్యంగానే చదివారంటారా?

సమాధానం: అలా చదవడం కష్టమనే అనుకుంటాను. ఆరవ అధ్యాయంలో "శిక్ష అనుభవించి తిరిగివచ్చిన వాడు" అనే ఉపకథ ఉంది. జాన్ ఎడ్మండ్స్‌కు పడిన మరణశిక్షను పద్నాలుగేళ్ళ ద్వీపాంతరవాసంగా మారుస్తారు. పదిహేడేళ్ళ తరువాత ఒక ఆగస్టు ఆదివారం సాయంత్రం అతడు తన ఊళ్ళో అడుగుపెడతాడు. తల్లి అప్పటికే చనిపోయి ఉంటుంది, ఊళ్ళో గుర్తుపట్టేవారు లేరు. లండన్ పాఠకుడికి అది నడుమ వచ్చిన పిట్టకథ. లాన్సెస్టన్‌లో అది ఎదురింటివాడి కథ, కొందరికి తమ కథే. అక్కడికి నేరస్తులను పంపడం 1853 దాకా ఆగలేదు. పత్రికల వాళ్ళకు మరొక కారణం ఉంది. నవలలో ఈటన్స్‌విల్ అనే ఊళ్ళో పాట్, స్లర్క్ అనే ఇద్దరు సంపాదకులు అచ్చులో తిట్టుకుని, చివరికి ఒక సత్రంలో చేతిసంచీతో, నిప్పుకణికల పారతో కొట్టుకునేదాకా వస్తారు. లాన్సెస్టన్‌లో డౌలింగ్ పత్రికకు పోటీగా "కార్న్‌వాల్ క్రానికల్" ఉండేది. ఆ అధ్యాయాలకు తన చేతులమీదుగా అచ్చు కూర్చిన కంపోజిటరుకు ఆ గొడవ కొత్తది కాదు.

చివరగా జింగిల్ సంగతి. మోసగాడైన జింగిల్ అప్పు తీర్చలేనివారిని పెట్టే జైలులో చిక్కుకోగా పిక్విక్ విడిపించి, దక్షిణ అమెరికాలోని డెమరారా వలసకు ఓడ ఎక్కిస్తాడు. ఇంగ్లండులో నిలదొక్కుకోలేనివాడికి వలస మరో అవకాశం అని నవల ముగింపు భావిస్తుంది. ఆ సంచికలు వెలువడిన కొద్ది నెలలకే, 1838 జనవరిలో, కలకత్తా నుంచి విట్‌బీ, హెస్పరస్ అనే ఓడలు ఒప్పంద కూలీలతో అదే డెమరారాకు బయలుదేరి మే 5న చేరాయి. 1845 నుంచి మద్రాసు ఓడలలో వెళ్ళిన వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఈ నవలను తెలుగు చేసేవారు ఎవరైనా, జింగిల్ ఓడ ఎక్కే పేరా దగ్గర డెమరారా మీద ఒక పాదసూచిక తప్పక ఇవ్వాలని కోరుతున్నాను.