టర్బో మియాటా హైవే మీద వేడెక్కిపోతోంది, ఏం చేసినా తగ్గట్లేదు

ప్లేనో_పిల్లోడు:
పొద్దున్నుంచీ దీంతోనే కుస్తీ, ఇక నా వల్ల కావట్లేదు. టర్బో వేసిన మాజ్డా మియాటా కారు. రేడియేటర్ కొత్తది, థర్మోస్టాట్ కొత్తది, ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయి. అయినా వేడెక్కిపోతోంది. హుడ్ (బానెట్) ఎత్తితే సెగ మొహాన కొడుతోంది. టర్బో పక్కన వైర్ల మీది ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి బ్రాకెట్‌కి అతుక్కుపోయింది. డౌన్‌పైప్‌కి (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) హీట్ ర్యాప్ చుట్టాను, టర్బోకి బ్లాంకెట్ కప్పాను. హుడ్‌కి వెంట్లు (గాలి పోయే రంధ్రాలు) కొట్టించమంటారా? ఎక్కడ కొట్టించాలి? తొందరగా చెప్పండి, శనివారం ట్రాక్ డే, రేస్ ట్రాక్ మీద బండి తిప్పాలి.

గ్రీజుచేతులు:
అండర్‌ట్రే ఉందా?

కూలెంట్_మాస్టారు:
బాబూ, రేడియేటర్ కొత్తదన్నారు సరే, అందులో ఏం పోశారో చెప్పరేం? అందరూ అల్యూమినియం రేడియేటర్ల మీద డబ్బులు తగలేస్తారు, లోపలి ద్రవం ఎవరికీ పట్టదు. నీళ్లు వేడిని బాగా మోస్తాయి, గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండేది) కలిపేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. అలాగని ఒట్టి నీళ్లు పోశారో, లోపల తుప్పు. పైగా మీ ప్లేనో ఉండేది టెక్సస్‌లో. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఎంత చలి పట్టిందో మర్చిపోయారా? నీళ్లు గడ్డకడితే బ్లాకే పగులుతుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. 15 పీఎస్ఐ ఒత్తిడి రేడియేటర్ మూత గట్టిగా పట్టుకుంటే ఆ మిశ్రమం దాదాపు 129 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే ఈ లెక్కలన్నీ గోవిందా. మూత మార్చి ఎన్నాళ్లయింది?

మణికొండ_టర్బో:
బ్రో, ఖర్చు లేని పని చెప్తా. బానెట్ వెనక హింజ్‌ల కింద వాషర్లు పెట్టి కాస్త లేపు. వేడంతా అద్దం దగ్గర నుంచి బయటికి పోతుంది. లుక్ కూడా అదిరిపోతుంది.

బూస్ట్_బాబాయ్:
తమ్ముడూ, ఆ సలహా వద్దు. బండి వేగంగా పోతున్నప్పుడు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. అందుకే కంపెనీలు క్యాబిన్‌లోకి గాలిని అక్కడి నుంచే తీసుకుంటాయి. అక్కడ సందిస్తే గాలి బయటికి రావడం మాట అటుంచి, లోపలికే దూరుతుంది. వెంట్లు కొట్టించాలంటే హుడ్ ముందు భాగంలో, రేడియేటర్‌కి కాస్త వెనగ్గా. అక్కడ ఒత్తిడి తక్కువ.

మణికొండ_టర్బో:
సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పొగలు పొగలుగా వేడి బయటికి రావడం నా కళ్లారా చూశా అన్నా. థియరీలు చెప్పకండి.

బూస్ట్_బాబాయ్:
ఆగినప్పుడు వస్తుంది, కాదన్నదెవరు? ఆయన ఓవర్‌హీట్ హైవే మీద అంటున్నాడు.

టార్క్‌రాణి:
అసలు ఓవర్‌హీట్ అంటే ఏది? కూలెంట్ మరిగిపోవడమా, హుడ్ కింద గాలి వేడెక్కడమా, ఇంజిన్ పీల్చే గాలి వేడెక్కడమా? ప్లాస్టిక్ కరిగింది టర్బో సెగకి. దానికి మధ్యలో షీల్డ్ పెట్టాలి, వైర్లని దూరంగా తిప్పి కట్టాలి. రేడియేటర్ ఎంత పెద్దది వేసినా అది తగ్గదు. అన్నీ ఒకే గంపలో వేస్తే మేమేం చెప్పగలం? మీది ఏ ఇయర్ మోడల్? ఏసీ ఉందా? వేడెక్కేది ఎంత స్పీడులో?

మణికొండ_టర్బో:
వేడి అంటే వేడే కదా మేడమ్ 😄

ప్లేనో_పిల్లోడు:
1999. ఏసీ ఉంది, దాని కండెన్సర్ ముందు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది). ట్రాఫిక్‌లో ఏమీ కాదు, హైవే మీద 70 మైళ్లు దాటాక కాసేపటికి టెంపరేచర్ ముల్లు లేస్తోంది. బయట 104.

మణికొండ_టర్బో:
104 ఆ?? ఓ, ఫారెన్‌హీట్. 40 అనమాట. మాకు మే నెలలో మామూలే.

టార్క్‌రాణి:
ఇదేదో మొదటి పోస్టులోనే రాసుంటే సగం గొడవ తప్పేది. డాష్ మీద ముల్లుని నమ్మకండి. ఆ ఏడాది బండ్లలో అది చాలాసేపు నడిమధ్యలోనే నిలబడి ఉంటుంది, కదిలిందంటే అప్పటికే పరిస్థితి చేయి దాటుతున్నట్టు. ఓబీడీ రీడర్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు చూపే పరికరం) పెట్టి అసలు నంబర్ చూడండి.

బూస్ట్_బాబాయ్:
మీ బండిలోని ఈ బీపీ ఇంజిన్ మొదట్లో అడ్డంగా కూర్చునే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లది. మియాటాలో నిలువుగా పెట్టేసరికి నీళ్లు లోపలికెళ్లేదీ బయటికొచ్చేదీ ముందువైపే అయింది. వెనకున్న నాలుగో సిలిండర్‌కి పాపం మిగిలింది వస్తుంది. టర్బో వేశాక కూలెంట్ రీరూట్ చేయించడం మంచిది. అంటే నీళ్ల దారి మార్చడం, అప్పుడు రేడియేటర్‌కి తిరిగొచ్చే నీళ్లు ఇంజిన్ హెడ్ వెనక నుంచి వస్తాయి.

కూలెంట్_మాస్టారు:
మూత సంగతి ఇంకా చెప్పలేదు.

గ్రీజుచేతులు:
మళ్లీ అడుగుతున్నా. బంపర్ కింద ప్లాస్టిక్ షీట్ ఉందా లేదా?

ప్లేనో_పిల్లోడు:
అదా? ఇంటర్‌కూలర్ పైపులకి అడ్డమని తీసేశారు. గరాజ్‌లో గోడకి ఆనించి ఉంది. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

గ్రీజుచేతులు:
మొత్తం దానిదే. ఆ ట్రే లేకపోతే కింద నుంచి గాలి ఇంజిన్ దగ్గరికి దూరి రేడియేటర్ వెనక ఒత్తిడి పెంచుతుంది. ఇక ముందు నుంచి గాలి రేడియేటర్‌లోంచి ఎందుకు పోతుంది? పక్క సందుల్లోంచి జారుకుంటుంది. నెమ్మదిగా వెళ్తే ఫ్యాన్ లాగుతుంది కాబట్టి తెలియదు. పైపులకి అడ్డొచ్చినంత మేర కోసి ట్రే బిగించు. ఇంటర్‌కూలర్, కండెన్సర్, రేడియేటర్ మధ్య సందులన్నీ ఫోమ్‌తో మూసెయ్. హుడ్ కొయ్యడం తర్వాత.

బూస్ట్_బాబాయ్:
ట్రే సరే. రీరూట్ కూడా అవసరమే.

గ్రీజుచేతులు:
ముందు ట్రే.

ప్లేనో_పిల్లోడు:
బిగించా. బోల్టులు కొన్ని దొరకలేదు, జిప్ టైలతో కట్టా. ఏసీ వేసి హైవే మీద తిప్పితే ఓబీడీలో 210 దాటలేదు. వైర్లకి షీల్డ్ ఇంకా చేయలేదు, టైమ్ లేదు. థ్యాంక్స్ ఆల్.

మణికొండ_టర్బో:
210 అంటే సెల్సియస్‌లో ఎంత? అన్నట్టు నా పోలోకి కూడా అండర్‌ట్రే లేదు, స్పీడ్ బ్రేకర్‌కి తగిలి ఊడిపోయింది. హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుందా?