తక్కువ కొటేషన్ ఇచ్చిన సబ్‌కాంట్రాక్టర్‌కి పని ఇవ్వచ్చా?

కొత్త_కాంట్రాక్టర్:
మొదటిసారి సొంతంగా నాలుగంతస్తుల పని పట్టాను. ప్లాస్టరింగ్‌కి మూడు కొటేషన్లు వచ్చాయి. రెండు దగ్గరదగ్గరగా ఉన్నాయి, మూడోది వాటికంటే పావువంతు తక్కువ. అతనికే ఇచ్చేయాలని ఉంది, కానీ టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_సైట్_ఇంజినీర్:
తమ్ముడూ, రేటు సంగతి తర్వాత. ముందు మూడూ పక్కపక్కన పెట్టుకుని ఎవరు ఏం వదిలేశారో చూడు. పరంజా ఎవరిది? నీళ్లు, కరెంటు ఎవరివి? రాలిన మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) ఎత్తేదెవరు? కిటికీ ఖాళీలు కొలతలో తీసేస్తారా, కలుపుతారా? ఈ చివరిదాని మీదే ఒకసారి మా బిల్లు మూడు వారాలు ఆగింది. "కిటికీ పక్కలు పూశాం కదా" అని ప్లాస్టరింగ్ అతను, "ఖాళీకి డబ్బేంటి" అని నేను. వర్క్ ఆర్డర్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఇక ఎవరిది రైటో ఎలా తేలుతుంది?

సెంట్రింగ్_బాధితుడు:
కూలీలకు డబ్బు అందుతోందో లేదో కూడా చూడండి. మాకు స్లాబు రోజు పొద్దున్నే సెంట్రింగ్ వాళ్లు (కాంక్రీటుకి అచ్చులు, ఆధారాలు కట్టేవాళ్లు) పని ఆపి కూర్చున్నారు. మేస్త్రీకి మేం బిల్లు ఇచ్చేశాం, ఆయన వాళ్లకి పైసా ఇవ్వలేదు. ఫోన్ స్విచాఫ్. గేటు దగ్గర కాంక్రీట్ లారీ డ్రమ్ము తిరుగుతూనే ఉంది. చివరికి కూలీలకు నేనే ఇచ్చి, ఆయన తర్వాతి బిల్లులో కోసుకున్నా. ఇప్పుడు పాత బిల్లు కూలి అందినట్టు సంతకాలు చూపిస్తేనే కొత్త బిల్లు కదుపుతాను.

స్టోర్_కీపర్:
స్టీలు మనం ఇస్తే లెక్కా మనమే తీయాలి. 12 ఎంఎం కడ్డీ మీటరుకి 0.888 కిలో (వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగించండి). ఇచ్చింది, కట్టింది, మిగిలిన ముక్కలు బిల్లు బిల్లుకీ కలవాలి. పని అయ్యాక చూద్దామనుకుంటే ముక్కలు కూడా కనపడవు :)

రిటెన్షన్_రాజు:
ఇంత తలనొప్పి ఎందుకండీ? ప్రతి బిల్లులో 10 శాతం డబ్బు హామీగా ఆపితే (అదే రిటెన్షన్) అందరూ దారికొస్తారు.

ప్లంబింగ్_మనిషి:
నేను అటువైపువాణ్ణి, అంటే సబ్‌కాంట్రాక్టర్‌ని, నా మాటా వినండి. ఆపండి, కానీ ఎప్పుడు వదులుతారో కాగితం మీద రాయండి. ఒక చోట బాత్‌రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ మీద 48 గంటలు నీళ్లు నిలిపి చూపించాం, చుక్క కారలేదు. తర్వాత టైల్స్ వాళ్లు నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) కాస్త పక్కకి జరపాలని ఉలి పెట్టారు. కింది ఇంటి సీలింగ్‌లో మరక వచ్చింది, కోత మాత్రం నాకు పడింది. నీళ్ల పరీక్ష రోజు ఫొటో తీసి, గది అప్పగించినట్టు టైల్స్ మేస్త్రీ సంతకం తీసుకుని ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. పైగా "ముందు చెయ్యి, తర్వాత చూద్దాం" అని చేయించిన అదనపు పనికి ఇప్పటికీ డబ్బు రాలేదు.

రిటెన్షన్_రాజు:
అది నిజమే లెండి. మావాళ్లూ అలాగే అంటారు.

కొత్త_కాంట్రాక్టర్:
అందరికీ థ్యాంక్స్. ఇందాకే ఫోన్ చేసి అడిగా. పరంజా, సీలింగ్ ప్లాస్టరింగ్ రెండూ అతని లెక్కలో లేవట! అవి కలిపితే తేడా 5 శాతం కూడా లేదు. రేపు అతని పని జరుగుతున్న సైట్‌కి వెళ్తున్నా.

పాత_సైట్_ఇంజినీర్:
వస్తున్నానని చెప్పకు. పొద్దున పని మొదలయ్యే వేళకి వెళ్లి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టు.