నదిలో ఏరిన శిలా పగడం: పగలగొట్టాలా, అలాగే ఉంచాలా?

పడవనాన్న | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా కుటుంబం, మా బావమరిది కుటుంబం కలిసి ఏడుగురం ఫ్లోరిడాలోని విత్‌లకూచీ నదికి వెళ్ళొచ్చాం. రెండు పడవలు. ఒకటి అద్దె కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ), రెండోది బావమరిదిది, చిన్న మోటారున్న అల్యూమినియం పడవ. మే నెల కదా, నది బాగా తగ్గింది. సున్నపురాతి గట్లు బయటపడి ఉన్నాయి. సగం దూరం మోటారు పైకెత్తి, దిగి లాక్కుంటూ పోవడమే సరిపోయింది. ఆ గట్ల కింద గులకల్లో శిలా పగడాలు, అంటే రాయిగా మారిన పాతకాలపు సముద్ర పగడాలు, ఏరాం.

తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి కొబ్బరికాయంత రాయి దొరికింది. పైనంతా చిన్న చిన్న పూలు అచ్చు గుద్దినట్టుంది. లోపల స్ఫటికాలుంటాయి, పగలగొడదామని బావమరిది. వద్దు, ఇలాగే ఉంచుకుంటానని పాప. పడవలో మొదలైన వాదన కారెక్కినా ఆగలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇలాంటి రాయిని పగలగొట్టడం సబబేనా? ఏరిన రాళ్ళ బకెట్ ఫొటో, పడవ ఫొటో పెట్టాను.

తెడ్డు | 9:52

ఏ విత్‌లకూచీ? ఫ్లోరిడాలో ఆ పేరుతో రెండు నదులున్నాయి.

పడవనాన్న | 9:55

ఉత్తరాన ఉన్నది. జార్జియా నుంచి వచ్చి ఎలావిల్ దగ్గర సువానీ నదిలో కలిసేది.

రాతిపిచ్చి | 10:20

పగలగొట్టండి. పదిహేడేళ్ళుగా ఏరుతున్నాను, మా గరాజ్‌లో కారు పెట్టే చోటు కూడా లేదు.

ఆ రాయి ఏమిటో పాపకు ముందు అర్థమయ్యేలా చెప్పండి. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు లోతులేని వెచ్చటి సముద్రం. రెండు మూడు కోట్ల ఏళ్ళ కిందట అక్కడ పెరిగిన పగడం అది. పగడం అస్థిపంజరం సున్నం. నేలలో ఊరే నీళ్ళకి ఆ సున్నం కరిగిపోయింది, ఆ నీళ్ళలోనే ఉన్న సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) దాని చోట పేరుకుంది. అందుకే ఆకారం పగడానిది, పదార్థం అగేట్ అనే గట్టి సిలికా రాయిది. కొన్నిట్లో మధ్యభాగం పూర్తిగా కరిగి బోలుగా మిగులుతుంది. ఆ బోలులో అగేట్ ద్రాక్షగుత్తిలా కడుతుంది, లేదా క్వార్ట్జ్ చక్కెర చల్లినట్టు మెరుస్తుంది. 1979లో దీన్ని ఫ్లోరిడా రాష్ట్ర శిలగా ప్రకటించినప్పుడు ఆ గుత్తుల గురించి చట్టంలోనే రాసుకున్నారు. పగలగొట్టకుండా ఆ గుత్తులు ఎవరికి కనపడతాయి?

చేత్తో ఎత్తి చూడండి. సైజుకు తగ్గ బరువు లేకపోతే బోలు. మీ ఫొటోలో చిల్లు కూడా కనిపిస్తోంది, మంచి సూచన. సుత్తి వాడితే కళ్ళద్దాలు తప్పనిసరి, ఇది గాజులా పెచ్చులు ఎగురుతుంది. నన్నడిగితే నీళ్ళు పోస్తూ డైమండ్ రంపంతో కోయించండి. పొడి పీల్చకూడదు.

చుట్టంకానిచట్టం | 10:41

పగలగొట్టాలా వద్దా అన్నది తర్వాత. అసలు ఆ రాయి మీదేనా?

పడవలు నడిచే నదుల అడుగు భాగం, మామూలుగా నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు తాకే గీత వరకూ, రాష్ట్రానిది. ఆ గీత దాటితే ఒడ్డు ఎవరో ఒకరి సొంత భూమి. పర్మిట్ తీసుకున్నారా?

రాతిపిచ్చి | 10:48

పర్మిట్ వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలకు. అది ఇచ్చేది ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ. సొరచేప పళ్ళకి, మొక్కలకి, గవ్వలకి, పగడాలకి అది అక్కర్లేదు. పగడానికి వెన్నెముక ఎక్కడుందో చూపిస్తే రేపే వెళ్ళి తీసుకుంటా.

చుట్టంకానిచట్టం | 11:02

పర్మిట్ అక్కర్లేదంటే ఎక్కడైనా ఏరుకోవచ్చని కాదు. స్టేట్ పార్కుల్లో ఏదీ ముట్టుకోకూడదు. సంగమం దగ్గర ఉన్నదే స్టేట్ పార్కు. పడవనాన్న గారూ, మీరు ఎక్కడ దిగారు? ఏ రేవులో పడవ బయటికి లాగారు?

పడవనాన్న | 11:05

పార్కు రేవులోనే లాగాం. రాళ్ళు మాత్రం అంతకు చాలా పైన ఏరినవి.

చుట్టంకానిచట్టం | 11:06

రేంజర్‌కి ఆ సంగతి రాయి చెబుతుందా?

అలకుమారి | ఆదివారం ఉదయం 7:15

రాళ్ళ సంగతి అలా ఉంచండి. రెండో ఫొటోలో అల్యూమినియం పడవ ముందు బల్ల మీద కూర్చున్న బాబుకి ఐదేళ్ళు కూడా ఉండవు. లైఫ్ జాకెట్ ఏది?

పడవనాన్న | 7:30

వాడు బావమరిది కొడుకండీ. అప్పుడు పడవ ఇసుక తిన్నెకు ఆనుకుని ఉంది, కదలడం లేదు.

అలకుమారి | 7:44

26 అడుగులకన్నా చిన్న పడవ కదులుతున్నంతసేపూ ఆరేళ్ళలోపు పిల్లల ఒంటిమీద జాకెట్ ఉండి తీరాలి. అది రూలు. ఆగినప్పుడు తీసేసి, కదిలేటప్పుడు వేయడం మర్చిపోవడం మన అలవాటు.

ఊరికే చెప్పడం లేదు. సువానీలో వేసవిలో స్టర్జన్ చేపలు నీళ్ళలోంచి మనిషి ఎత్తు ఎగురుతాయి. ఒక్కోటి 200 పౌండ్ల దాకా తూగుతుంది. మావారి స్నేహితుడి పడవలో మేమున్నప్పుడే ఒకటి వచ్చి ఆయన దవడ మీద పడింది. స్పృహ తప్పి నీళ్ళలోకి జారిపోయాడు. జాకెట్ ఉంది కాబట్టి మనిషి దక్కాడు. 2015లో అదే నదిలో ఐదేళ్ళ పాపని అలాంటి చేపే బలి తీసుకుంది. మీరేమో రాయి బోలా, గట్టిదా అని మాట్లాడుకుంటున్నారు.

రాతిపిచ్చి | 8:10

అలకుమారి గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ వీళ్ళు గట్ల మధ్య చీలమండ లోతు నీళ్ళలో పడవ లాక్కుంటున్నారు. అక్కడికి స్టర్జన్ నడిచి రావాలి.

అలకుమారి | 8:12

పార్కు రేవు ఉన్నది సువానీ మీద. అక్కడికి కూడా నడిచే వచ్చారా?

తెడ్డు | 8:20

ఒక్క మాట. గట్లు ఏ వంపు దగ్గర?

రాతిపిచ్చి | 8:21

చెప్పకండి.

రాతిపిచ్చి | 8:35

ఎందుకు వద్దన్నానో కూడా చెప్తా. మూడేళ్ళ కిందట ఇదే వేదికలో ఒక గట్టు గురించి ఆనవాళ్ళతో సహా రాశాను. అందరూ ఆనందిస్తారనుకున్నా. తర్వాతి ఎండాకాలానికి వెళితే ఒడ్డుకు గడ్డపారలతో సొరంగాలు తవ్వేశారు. పైనున్న భూమి ఆయన విసిగిపోయి దారికి గొలుసు కట్టాడు. అంతకుముందు ఆయన నన్ను పిలిచి చల్లటి నీళ్ళిచ్చేవాడు. ఇప్పుడు నా కారు చూస్తే చాలు, గేటు దగ్గరికొచ్చి నిలబడతాడు.

చుట్టంకానిచట్టం | 9:03

అదే నేను మొత్తుకునేది. ఒకరు ఒక రాయి అంటారు, ఇంకొకరు ఒక బకెట్ అంటారు, చివరికి గడ్డపారలు దిగుతాయి.

ఇంకో సంగతి. మొదటి ఫొటో పెద్దది చేసి చూశాను. బకెట్ అంచు దగ్గర తేనెరంగు ముక్క ఒకటి ఉంది. ఒక పక్క పల్చగా, పెచ్చులు లేచి, కొసదేరి ఉంది. ఆదివాసులు ఈ పగడాన్నే చెక్కి బాణం మొనలు, కత్తులు చేసుకునేవారు. బాగా చెక్కుడు పడాలని ముందు నిప్పుల వేడి కూడా పట్టించేవారు. మనిషి చెక్కినదైతే అది శిలాజం కాదు, పురావస్తువు. నది అడుగున దొరికితే రాష్ట్రానిదే. దానికి మనలాంటివాళ్ళకి పర్మిట్టూ లేదు, మినహాయింపూ లేదు. పడవనాన్న గారు ఆ ముక్క ఎక్కడ ఏరారో చెప్పాలి.

పడవనాన్న | 9:10

అది పనిముట్టు కాదండీ. మామూలు ముక్క.

చుట్టంకానిచట్టం | 9:14

అది తేల్చాల్సింది మీరు కాదు. కొస చూడండి, పెచ్చులు చూడండి. ఎక్కడ ఏరారు?

రాతిపిచ్చి | 9:31

ఈయనకి ప్రతి గులకరాయిలోనూ బాణం కనిపిస్తుంది. నువ్వు జీవితంలో ఒక్కసారైనా ఆ నదిలో మోకాలు తడుపుకున్నావా? చట్టం పుస్తకం పట్టుకుని ఒడ్డున కూర్చోవడం ఎవరికైనా వచ్చు.

వేదిక నిర్వాహకులు | 9:36

ఏకవచనం వద్దు. రెండోసారి చెప్పం.

చుట్టంకానిచట్టం | 9:58

తడుపుకున్నానండీ. 2005 దాకా ఇక్కడ ఒక పద్ధతి ఉండేది. నదిలో విడిగా దొరికిన పాత పనిముట్టు గురించి రాష్ట్రానికి రాసి పంపితే, దాన్ని మన దగ్గరే ఉంచుకోనిచ్చేవారు. నేను దొరికిన ప్రతిదీ రాసి పంపాను. ఎక్కడ, ఎంత లోతు, ఏ తేదీ అన్నీ. నాతో వచ్చేవాళ్ళు నవ్వేవాళ్ళు, వీడొక గుమస్తా అని. ఒక్క కాగితం కూడా పంపకుండా డబ్బాలు నింపుకున్నవాళ్ళు వాళ్ళు. చివరికి ఆ పద్ధతే ఎత్తేశారు. ఇప్పుడు మా అబ్బాయికి నదిలో బాణం మొన దొరికితే అక్కడే వదిలేసి రమ్మని చెప్పాల్సిన తండ్రిని నేను. వాడు అడుగుతాడు, నీ దగ్గర ఉన్నాయి కదా నాన్నా అని. మీలాంటి సరదా మనుషుల వల్లే మాకీ గతి.

రాతిపిచ్చి | 10:25

సరే, నోరు జారాను, క్షమించండి. మీ మాటకోసం ఆ ముక్కని మళ్ళీ పెద్దది చేసి చూశా.

అది బాణమూ కాదు, నది ముక్కా కాదు. అక్కడి నీళ్ళు ఆకుల కషాయంలా నల్లగా ఉంటాయి. ఎన్నో ఏళ్ళు అందులో నానిన రాయికి గోధుమరంగు తోలు పడుతుంది, అంచులు అరుగుతాయి. ఈ ముక్కకి పైన ఆ తోలు ఉంది, పూల అచ్చు కూడా కనిపిస్తోంది. విరిగిన పక్క మాత్రం కడిగిన గాజులా ఉంది. ఒక్క మచ్చ లేదు, అంచు కోసుకునేంత పదును. అంటే సుత్తి దెబ్బకు ఈమధ్యే లేచిన పెచ్చు. పూల సైజు కూడా పాప రాయి మీద ఉన్నదే. పక్కనున్న పెద్ద రాయి నున్నటి వైపు మన కెమెరాకి పెట్టారు, రెండో వైపు చూపించలేదు.

పడవనాన్న గారూ, ఆ రాయి పగిలిపోయింది కదా?

తెడ్డు | 10:27

అమ్మో.

అలకుమారి | 10:40

నిన్న రాత్రి నుంచి పగలగొట్టాలా వద్దా అని మమ్మల్ని ఎందుకు అడుగుతున్నట్టు?

పడవనాన్న | 11:50

పగిలింది. శనివారం సాయంత్రం పాప స్నానానికి వెళ్ళినప్పుడు బావమరిది గరాజ్‌లో కొట్టేశాడు. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాడట. లోపల స్ఫటికాలూ లేవు, గుత్తులూ లేవు. అంతా గట్టిగా, బూడిదరంగులో ఉంది. పాప ఏడవలేదు, అదే నాకు ఎక్కువ బాధ. రెండు చెక్కలూ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. మామయ్య పిలిస్తే పలకడం లేదు.

పదిమంది వద్దని రాస్తే వాడికి చూపిద్దామనుకున్నాను. తప్పే. కానీ వాడన్న మాట వినండి. "పడవ నాది, పెట్రోలు నాది, చోటు చూపించింది నేను, ఒక రాయి కొడితే ఇంత రాద్ధాంతమా?" మా ఆవిడ తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. పైగా నన్నే, "రాయి కోసం మనుషుల్ని దూరం చేసుకుంటారా?" అంది. అందుకే ఇక్కడికొచ్చా.

రాతిపిచ్చి | 12:15

లోపల అగేట్ గుత్తి ఉండుంటే మీరు ఈ పోస్టు పెట్టేవారా? ఆ రాయి చేతికొస్తే మేమందరం చేసేదే ఆయనా చేశాడు. తెలిసినవాడు కొట్టాడు, లోపల ఏమీ లేదు. నాకు పదిలో ఏడు అలాగే పోతాయి.

పడవనాన్న | 12:22

తెలిసినవాడు కాబట్టి అడగక్కర్లేదా? అదే కదా గొడవంతా! స్ఫటికాలుంటే నేనూ ఆనందించేవాణ్ణేమో, అప్పుడు కూడా అది పాప రాయే.

చుట్టంకానిచట్టం | 12:30

చట్టం ప్రకారం అయితే

అలకుమారి | 12:31

ఆపండి సార్ కాసేపు.

రాతిపిచ్చి | 12:58

నేను ఒప్పుకోను. ఏరినవాళ్ళదే అంటే మా అబ్బాయి ఏరినవన్నీ వాడివే అవ్వాలి. వాడికవి ఎక్కడున్నాయో కూడా తెలియదు. కోయించింది, మెరుగు పెట్టించింది నేను. వాడు పదో ఏట నాతో రావడం మానేశాడు.

(ఇది రాశాక మళ్ళీ చదువుకున్నా. ఉండనివ్వండి.)

పడవనాన్న | సాయంత్రం 5:10

ఇందాక పాప గదిలోకి వెళ్ళా. చెక్కలు రెండూ కిటికీ దగ్గర పెట్టుకుంది. విరిగిన వైపున ఏవో గీతలున్నాయట, కాగితం మీద గీస్తోంది. రాతిపిచ్చి గారూ, అవేమిటి? బయట తెల్లటి పెంకు గట్టిగా పట్టుకుని ఉంది, అది ఎలా పోతుందని కూడా అడిగింది.

రాతిపిచ్చి | 5:34

తెల్లటి పెంకు సున్నపురాయి అయితే వెనిగర్‌లో నానబెడితే మెల్లగా కరుగుతుంది. బుడగలొస్తాయి, భయం లేదు. కొన్ని రోజులు పడుతుంది, మధ్యలో వెనిగర్ మార్చాలి. అగేట్‌కి ఏమీ కాదు.

గీతల సంగతి: చెక్కని నీళ్ళతో తడిపి, ఎండకి వాలుగా పట్టి చూడమనండి. కింద ఒక చోట మొదలై విసనకర్రలా పైకి విచ్చుకుంటూ పోతాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో పగడపు పురుగు బతికింది. గొట్టం పైకి వెళ్ళి ఎక్కడ ముగిస్తే అక్కడ బయట ఒక పువ్వు. బోలు రాళ్ళలో ఇది కనపడదు, కరిగిపోయి ఉంటుంది.

పడవనాన్న | 7:20

చూసింది. లెక్కపెడుతోంది. 43 దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మామయ్య ఫోన్ చేస్తే ఇప్పుడు కాదంది.

అలకుమారి | 7:31

ఆయన ఫోన్ చేసినప్పుడు జాకెట్ సంగతి చెప్పండి.

తెడ్డు | 7:40

వంపు పేరు ప్రైవేట్ మెసేజ్‌లో అయినా చెప్తారా?