డాక్యుమెంటరీ తీసేవాళ్లు పాఠాల ఉద్యోగంలో చేరొచ్చా?

కొత్తరీలు:
ఆరేళ్లుగా సొంతంగా డాక్యుమెంటరీలు తీస్తున్నాను. ఒక ఫిల్మ్ స్కూల్లో ఫుల్‌టైమ్ ఉద్యోగం వచ్చింది. చేరితే గ్రాంట్ల చుట్టూ తిరిగే టెన్షన్ తప్పుతుంది. కానీ చేరినవాళ్లు మళ్లీ కెమెరా ముట్టరని తోటివాళ్లు భయపెడుతున్నారు. చేరమంటారా?

మూడోకన్ను:
వద్దంటాను. కథాసినిమా అయితే సెలవుల్లో షూటింగ్ పెట్టుకోవచ్చు. డాక్యుమెంటరీలో మనుషులు మన సెలవులు చూసుకుని బతకరు. నేను రెండేళ్లు వెంట తిరిగిన పెద్దాయన ఇల్లు ఖాళీ చేసిన రోజు నేను పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తున్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. బయటికొస్తే పదకొండు మిస్డ్ కాల్స్. వెళ్లేసరికి గోడ మీద ఫొటోలు తీసేసిన చోట తెల్లటి మచ్చలు మిగిలాయి. వాటినే షూట్ చేసుకున్నాను. ఆ షాట్ బాగుందని అందరూ అంటారు. నాకు మాత్రం దొరకని షాటే గుర్తొస్తుంది.

పాతకెమెరా:
మీ బాధ సరే గానీ, అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ సంగతి చూడండి. బోస్టన్ యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చెప్పేవాడు. మానసిక రోగులైన ఖైదీలను ఉంచే బ్రిడ్జ్‌వాటర్ సంస్థకు విద్యార్థులను తీసుకెళ్లడం వల్లే ఆ చోటు ఆయనకు తెలిసింది. దర్శకుడిగా మొదటి సినిమా ‘టిటికట్ ఫాలీస్’ (1967) అక్కడే తీశాడు. ఇంకో డాక్యుమెంటరీ దర్శకుడు రిచర్డ్ లీకాక్ రెండు దశాబ్దాలు ఎంఐటీలో పాఠాలు చెప్పాడు. ఆయన దగ్గర చదువుకున్న రాస్ మెకెల్వీ హార్వర్డ్‌లో పాఠాలు చెబుతూనే సినిమాలు తీశాడు.

మూడోకన్ను:
వైజ్‌మన్ పేరు ఎత్తారు కాబట్టి మిగతా సగమూ చెప్పండి. ఆ సినిమాను మామూలు ప్రేక్షకులకు చూపకుండా మసాచుసెట్స్ కోర్టులు 1991 దాకా ఆపాయి. తర్వాత ఆయన పంపిణీకి సొంత సంస్థ పెట్టుకుని సినిమాల మీదే ఉన్నాడు. ఇక లీకాక్ ఎంఐటీకి వెళ్లేనాటికే పేరున్నవాడు. ఆయన టైమ్‌టేబులూ, కొత్తగా చేరిన లెక్చరర్ టైమ్‌టేబులూ ఒకటేనా?

ఎడిట్‌సూట్:
మీరిద్దరూ మాస్టార్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను చదువుకునే రోజుల్లో ఒక సార్ సినిమాకు నాలుగు నెలలు ఇంటర్వ్యూలు విని టైప్ చేశాను. అనుభవం వస్తుందన్నారు. వచ్చింది, నిజమే. టైటిల్స్‌లో పేరు మాత్రం రాలేదు. మార్కులు వేసే మనిషే పని చెప్తే కాదనేదెలా?

పాతకెమెరా:
దానికి నా దగ్గర జవాబు లేదండీ. నేనూ విద్యార్థుల చేత సౌండ్ చేయించుకున్నాను. పేరు వేశాను, డబ్బివ్వలేదు.
అయినా ఉద్యోగం వదలను. ఓసారి క్లాసులో నా రఫ్‌కట్ (ఇంకా పూర్తిగా ఎడిట్ కాని సినిమా) వేస్తే ఒకమ్మాయి అడిగింది: "ఆవిడ ఏడ్చేదాకా కెమెరా ఎందుకు ఆపలేదు సార్?" ఏదో సర్దిచెప్పబోయాను, మాట రాలేదు. మర్నాడు ఆ సీను తీసేశాను. నా స్నేహితులెవరూ అలా అడగరు. వాళ్లూ అలాంటివే తీస్తున్నారు మరి.

కొత్తరీలు:
అయితే చేరేముందు రెండు అడుగుతాను. షూటింగ్ పడితే సెమిస్టర్ మధ్యలో సెలవిస్తారా, విద్యార్థులు నా సినిమాకు పనిచేస్తే డబ్బెవరిస్తారు.

మూడోకన్ను:
సినిమా హక్కులు ఎవరివో కూడా అడగండి, కాగితం మీద రాయించుకోండి. కాలేజీ కెమెరా వాడిన పాపానికి నా సినిమాలో నా పేరు కంటే ముందు వాళ్ల లోగో పడింది.