బొటనవేలి గోరుచుట్టు ఎంతకీ తగ్గడం లేదు: క్యాన్సర్ కావచ్చా?

ప్రశ్న (కొండపి, ప్రకాశం జిల్లా):
మా నాన్నగారు పొగాకు రైతు, చిన్ననాటి నుంచి చుట్ట అలవాటు ఉంది. కుడి బొటనవేలి కొస వాచి, ఎర్రబడి, రాత్రిళ్లు నిద్ర పట్టనంతగా సలుపుతోంది. మొదట గోరుచుట్టు అనుకొని నిమ్మకాయ తొడిగాము. తరువాత రెండుసార్లు కోత పెట్టించినా చీము రాలేదు, రక్తమే వచ్చింది. యాంటీబయాటిక్‌లు మార్చినా గుణం లేదు. ఎక్స్‌రేలో వేలి చివరి ఎముక కరిగినట్లు కనిపిస్తోందని, ఎముకకు ఇన్ఫెక్షన్ సోకింది కనుక కొస తీసివేయాలని అంటున్నారు. క్యాన్సర్ వేలికి కూడా పాకుతుందని బంధువొకరు చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు. అది సాధ్యమేనా?

జవాబు 1 (ఎముకల వైద్యుడు, నెల్లూరు):
సాధ్యమే, కానీ చాలా అరుదు. ఎముకలకు పాకే క్యాన్సర్లలో చేతులకు, పాదాలకు చేరేవి వెయ్యింటికి ఒకటి మాత్రమేనని వైద్య గ్రంథాలు చెబుతాయి. అక్కడ రక్తకణాలు తయారయ్యే ఎర్రమజ్జ తక్కువగా ఉండడం అందుకు ఒక కారణమని భావిస్తారు. చేతికి వచ్చేవి అన్నింటికంటే ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి వస్తాయి, అవి వేలి చివరి ఎముకనే ఎక్కువగా పట్టుకుంటాయి. కొందరిలో అసలు జబ్బు బయటపడక ముందే వేలు వాస్తుంది. నాన్నగారికి చుట్ట అలవాటు ఉండడం, కోసినా చీము రాకపోవడం, మందులకు లొంగకపోవడం చూస్తే ఆ కోణంలో తప్పక వెతకాలి.

ఇన్ఫెక్షన్ తరచుగా పక్కనున్న కీలును కూడా దెబ్బతీస్తుంది, క్యాన్సర్ సాధారణంగా కీలును వదిలేస్తుంది. అయినా ఎక్స్‌రే ఒక్కదానితో తేల్చలేము. ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షల విలువలు ఇన్ఫెక్షన్‌లోనూ, క్యాన్సర్‌లోనూ పెరగవచ్చు. ముక్క పరీక్షే (బయాప్సీ) తేల్చాలి. ముందుగా ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ చేయించండి. తీసిన ముక్కలో ఒక భాగాన్ని ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) పాథాలజీకి, మరొక భాగాన్ని ఫార్మలిన్ తగలకుండా కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్ష) పంపమని శస్త్రచికిత్సకు ముందే అడగండి, ఎందుకంటే ఫార్మలిన్‌లో క్రిములు చనిపోతాయి కనుక ఆ ముక్క కల్చర్‌కు పనికిరాదు. మన ప్రాంతంలో వేలి ఎముకకు క్షయ సోకే అవకాశాన్ని కూడా మరువకూడదు.

జవాబు 2 (కావలి):
మా పెద్దమ్మకు మడమ వాచినప్పుడు షుగర్ ఉంది కదా అని అందరూ షుగర్ పుండు కిందే జమకట్టారు. కొన్నేళ్ల క్రితం క్యాన్సర్ వల్ల ఆమెకు ఒక మూత్రపిండం తీసివేశారన్న సంగతి పాదం చూసిన వారికి ఎవరూ చెప్పలేదు. ముక్క పరీక్షలో ఆ క్యాన్సరే మడమ ఎముకకు చేరిందని తేలింది. పాత ఆపరేషన్ కాగితాలు ఏవి ఉన్నా, వేలికి వాటితో ఏమి సంబంధమని అనుకోకుండా దయచేసి తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ఈ పరీక్షల కోసం ఆపరేషన్ వాయిదా వేస్తే ప్రమాదమా? ఒకవేళ క్యాన్సరే అయితే వేలు తీసివేయడంతో సరిపోతుందా?

జవాబు 1:
జ్వరం, చేతిపైకి పాకే ఎర్రటి చార, చంకలో బిళ్లలు ఉంటే ఆగకూడదు. అవి లేకపోతే, ఛాతీ పరీక్షకు పట్టే రెండు మూడు రోజుల వల్ల నష్టం లేదు. వేరే చోటి నుంచి వచ్చిన క్యాన్సర్ అని తేలితే అది అప్పటికే శరీరంలో పాకిందని అర్థం. వేలి కొస తీయడం గానీ, రేడియేషన్ గానీ నొప్పి తగ్గించడానికే ఉపయోగపడతాయి, అసలు చికిత్స అది మొదలైన చోటును, క్యాన్సర్ రకాన్ని బట్టి ఉంటుంది. నొప్పికి మాత్రం ఇప్పటి నుంచే సరైన మందు అడగండి. కారణం తేలే వరకు ఆయన రాత్రిళ్లు బాధ భరించవలసిన అవసరం లేదు.